సీరియల్ చూస్తున్నామని చెప్పడానికి సిగ్గెందుకు?

"మీరు సీరియల్స్ చూస్తారా?" అని ఏ ఇల్లాలిని అడిగినా ముందు వచ్చే జవాబు ఒకటే. "అబ్బే, మాకంత తీరికెక్కడిదండీ! వంట చేసుకుంటుంటే చెవిన పడుతుంటుంది, అంతే." కాసేపయ్యాక మాటల్లోకి దింపి చూడండి. నిన్నటి భాగంలో ఎవరు ఏ రంగు చీర కట్టారో, ఎవరు దాచిన కాగితం ఎవరి చేతికి చిక్కిందో, రేపు ఏం జరగబోతోందో పూసగుచ్చినట్టు చెప్పేస్తారు. చెవిన పడిన మాటల్లో చీర రంగు ఎలా కనబడిందో మరి!

నవ్వులాటకే అంటున్నా, ఇందులో ఆలోచించాల్సిన సంగతి ఉంది. మగవాళ్ళు క్రికెట్ చూశామని చెప్పడానికి ఎక్కడా మొహమాటపడరు. రాత్రి తొమ్మిదింటికి వార్తల ఛానెల్లో నలుగురు కూర్చుని ఒకరి మాట ఒకరికి వినబడకుండా అరుచుకుంటుంటే, అది చూడటాన్ని లోకజ్ఞానం అంటారు. అదే టైముకి ఆడవాళ్ళు ఓ కథ చూస్తే మాత్రం పనిలేనితనం, ఏడుపుగొట్టు వ్యవహారం! అందరూ చూసేది ఒకే పెట్టెలో అయినప్పుడు ఈ తేడా ఎందుకొచ్చింది? అసలు ఆ సీరియల్స్‌లో మనకి దొరుకుతున్న ఆనందం ఏమిటి? దానివల్ల మేలు జరుగుతోందా, కీడు జరుగుతోందా? ఓసారి నిదానంగా చూద్దాం.

అనుకోకుండా అంటుకున్న రుచి

సీరియల్ చూద్దామని పనిగట్టుకుని మొదలుపెట్టేవాళ్ళు తక్కువ. జ్వరమొచ్చి మంచాన పడ్డప్పుడో, పురిటికి పుట్టింటికి వెళ్ళినప్పుడో, అత్తగారికి తోడు కూర్చున్నప్పుడో కళ్ళు అటు పడతాయి. మొదటి వారం "ఇదేం కథండీ బాబూ" అనిపిస్తుంది. రెండోవారం "ఆ పిల్ల నోరు తెరిచి నిజం చెప్పెయ్యొచ్చుగా" అని కోపమొస్తుంది. కోపం వచ్చిందంటే ఇక అయిపోయినట్టే! మూడోవారానికి ఆ టైముకి ఎసరు పెట్టడం ముందుకు జరుపుకుంటాం.

2020లో ఇలాంటి అనుభవం ఇంచుమించు దేశమంతటికీ ఒక్కసారే కలిగింది. మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చి అందరం ఇళ్ళలో ఉండిపోయాం. దూరదర్శన్ వాళ్ళు మార్చి 28 నుంచి రామానంద్ సాగర్ రామాయణాన్ని మళ్ళీ వేశారు. 1987 జనవరిలో మొదటిసారి వచ్చిన సీరియల్ అది. ఏప్రిల్ 16 నాటి భాగాన్ని 7.7 కోట్లమంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. గ్రాఫిక్స్ సినిమాలకు అలవాటుపడ్డ పిల్లలు ఆ పాతకాలపు బాణాలు ఎదురెదురుగా వచ్చి గుద్దుకోవడం చూసి మొదట పడిపడి నవ్వారు. వారం తిరిగేసరికి ఆ పిల్లలే మర్నాటి భాగానికి ముందుగా వచ్చి కూర్చున్నారు.

తెలుగిళ్ళలో ఆ ఏడాది అందరి నోటా నలిగిన పేరు 'వంటలక్క'. స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసిన కార్తీకదీపంలో కథానాయిక దీపకి జనం పెట్టుకున్న ముద్దుపేరు అది. పదిహేను వందలకు పైగా భాగాలు నడిచిన ఆ కథ రాత్రి ఏడున్నరకి వచ్చేది. 2020లో ఐపీఎల్ యు.ఏ.ఇ.లో జరిగింది. సెప్టెంబరు 19 నుంచి నవంబరు 10 దాకా సాగిన ఆ పోటీల్లో రాత్రి మ్యాచులూ ఏడున్నరకే! ఒక టీవీ, ఒక రిమోటు ఉన్న ఇళ్ళలో ఆ రెండు నెలలూ ఏం జరిగిందో వేరే చెప్పాలా? చిత్రమేమిటంటే, రిమోటు కోసం పోట్లాడిన మగవాళ్ళలోనే కొందరు ప్రకటనలు వచ్చినప్పుడు "ఓసారి అటు పెట్టు, ఆ డాక్టరు బాబుకి బుద్ధొచ్చిందో లేదో చూద్దాం" అనడం మొదలుపెట్టారు. పేపరు అడ్డం పెట్టుకుని కథ వినే మామగార్లు అంతకుముందే ఉన్నారనుకోండి. 2020లో ఆ పేపరు కాస్త కిందకి దిగింది.

ఇంతకీ ఆ ఆనందంలో ఏముంది?

కథలు రాసే అలవాటున్నవాళ్ళకి సీరియల్ కథలో లోపాలు ఇట్టే కనబడతాయి. ఒక్క మాట చెబితే తీరిపోయే గొడవని ఆర్నెల్లు సాగదీస్తారు. తలుపు చాటున ఎప్పుడూ ఎవరో ఒకరు వింటూనే ఉంటారు. ఒకరు ఒక మాట అంటే గదిలో ఉన్న అందరి మొహాలూ మూడేసిసార్లు చూపిస్తారు. ఇవన్నీ చూసేవాళ్ళకి తెలియవనుకుంటే పొరపాటు. మా పక్కింటి పిన్నిగారు ఆ మొహాలు చూపించే వ్యవధిలో కూర కలియబెట్టి వచ్చేస్తారు. ఏ సన్నివేశానికి ఎంతసేపు పడుతుందో ఆవిడకి లెక్క తెలుసు.

లోపాలు తెలిసీ చూస్తున్నామంటే వేరే రుచి ఏదో ఉండాలి. మొదటిది, ఎదురుచూపు. ఇంటిపనిలో రేపు కూడా ఇవాళ్టిలాగే ఉంటుంది. అవే గిన్నెలు, అవే బట్టలు, అదే అన్నం. రేపేమవుతుందో తెలియనిదంటూ రోజులో ఒకటుండటం చిన్న విషయం కాదు. రెండోది, తీర్పు చెప్పే అవకాశం. ఇంట్లో, వీధిలో మన మాట ఎవరు అడుగుతారు? సీరియల్లో కోడలు చేసింది తప్పా, అత్త చేసింది తప్పా అన్నదాంట్లో మాత్రం ప్రతి ఇల్లాలూ జడ్జీగారే. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, చెప్పుకోవడం.

మిరప కోతల కాలంలో మా గురజాల చుట్టుపక్కల ఊళ్ళలో పొద్దున్నే ఆటోల్లో పొలాలకి వెళ్ళే ఆడకూలీల మాటలు వినండి. కూలి రేటు, ఎండ, పిల్లల చదువు... వీటితోపాటు రాత్రి సీరియల్ కూడా ఉంటుంది. కరెంటు పోయి చూడలేనివాళ్ళకి చూసినవాళ్ళు చెబుతారు. అలా చెప్పేటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పరు. అత్తని కాస్త వాయిస్తారు, కోడలి నోట ఆవిడ అనని మాటలు అనిపిస్తారు. "నేనైతేనా..." అని మొదలుపెట్టి తమ బతుకు సంగతి చెప్పేస్తారు. మొగుడు అనుమానిస్తున్నాడని పదిమందిలో చెప్పుకోలేని మనిషి కూడా, సీరియల్లో మొగుడిని అడ్డం పెట్టుకుని మనసులో మాట బయటపెడుతుంది. వినేవాళ్ళకి అర్థమవుతుంది, ఎవరూ పేరు పెట్టి అడగరు. ఆటోలో దొరికే ఈ ఓదార్పు ఏ రేటింగు లెక్కల్లోకీ ఎక్కదు.

కారంపూడిలో అయిదు రోజుల కథ

నిజానికి రోజుకో భాగం చొప్పున కథ వినడం పల్నాటివాళ్ళకి టీవీ నేర్పిన విద్య కాదు. పక్కనే కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి వీరుల తిరునాళ్ళు అయిదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... రోజుకో పేరు, రోజుకో ఘట్టం. వీరవిద్యావంతులు తరతరాలుగా ఆ కథ చెబుతున్నారు. రాయబారానికి వెళ్ళిన అలరాజు తిరిగి రాడని, కోడిపందెంలో బ్రహ్మనాయుడి పక్షం ఓడిపోతుందని, బాలచంద్రుడు యుద్ధంలో నేలకొరుగుతాడని అక్కడికి వచ్చే ప్రతివాళ్ళకీ తెలుసు. అయినా వెళతారు, వింటారు, కళ్ళు తుడుచుకుంటారు. ముగింపు తెలిసిన కథని ఏళ్ళ తరబడి వింటుంటే దానిని సంస్కృతి అంటున్నాం. జీన్ రోఘేర్ అనే అమెరికా పరిశోధకుడు ఈ కథని ఇక్కడి గాయకుల నోట విని, 1982లో ఇంగ్లీషులో పుస్తకం తెచ్చారు. అలాంటప్పుడు రోజూ కథ వినాలన్న ఆ కోరికే టీవీ ముందు పుడితే దానికి చిన్నతనం ఎందుకు?

ఆ కథలో ఇంకో సంగతి కూడా మనకి పనికొస్తుంది. పన్నెండో శతాబ్దంలో గురజాల రాజధానిగా నలగామరాజు ఏలాడని, నాయకురాలు నాగమ్మ ఆయన దగ్గర మంత్రిగా ఉందని చెబుతారు. భర్త చాటు భార్యగా కాకుండా తన తెలివితో రాజ్యం నడిపిన ఆడమనిషి. కానీ జనం నోట ఎన్నో తరాలు ఆవిడ పన్నాగాల నాగమ్మగానే మిగిలిపోయింది. 1947లో వచ్చిన 'పల్నాటి యుద్ధం' సినిమాలో కన్నాంబ, 1966లో మళ్ళీ తీసినప్పుడు భానుమతి ఆ పాత్ర వేశారు. ఎత్తుకి పైఎత్తు వేసే ఆ పాత్రని చూసి జనం తిట్టుకున్నారు, మెచ్చుకున్నారు కూడా. ఈనాటి సీరియల్స్‌లో పెద్ద బొట్టు, పెద్ద నగలు, కళ్ళెగరేసే చూపుతో కనిపించే ఆడ విలన్ని చూస్తే నాకు ముందు నాగమ్మే గుర్తొస్తుంది. అధికారం చేతిలో ఉన్న ఆడమనిషిని కథలో దుర్మార్గురాలిగా తప్ప చూపించలేకపోవడం టీవీ కనిపెట్టిన జబ్బు కాదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి నాగమ్మని ఇవాళ సమర్థురాలైన మంత్రిగా చూసేవాళ్ళు పెరుగుతున్నారు గదా, సీరియల్ రాసేవాళ్ళు మాత్రం ఇంకా ఎందుకు ఆగిపోయారన్నదే ప్రశ్న.

పత్రిక నుంచి పెట్టెలోకి

మా అమ్మల కాలంలో ఈ మాటలన్నీ నవలలు చదివేవాళ్ళు పడ్డారు. 1960, 70లలో యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, కోడూరి కౌసల్యాదేవి, రంగనాయకమ్మ గార్ల రచనల కోసం వారం వారం పత్రికలకి ఎదురుచూసిన ఆడవాళ్ళని "నవలల పిచ్చి" అని ఎగతాళి చేశారు. ఆ పిచ్చి వల్లే పత్రికలు నిలిచాయి, సినిమాలకి కథలు దొరికాయి. కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. చదవడం తిన్నగా రాని ఆడవాళ్ళకి పక్కింటి కోడలు సీరియల్ చదివి వినిపించేది. ఎగతాళి చేసినవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తులేవు, ఆ రచయిత్రుల పేర్లు గుర్తున్నాయి.

టీవీలో ఆ వరస 1984 జులైలో దూరదర్శన్ వేసిన 'హమ్‌లోగ్'తో మొదలైంది. మెక్సికోలో మిగెల్ సబీదో అనే ఆయన 1975లో వయోజన విద్య గురించి ఒక సీరియల్ తీసి విజయం సాధిస్తే, ఆ దారిలో మనవాళ్ళు కుటుంబ నియంత్రణ ప్రచారానికని దీన్ని తీశారు. మొదటి పదమూడు భాగాల్లో నీతులు ఎక్కువై జనం మొహం చాటేశారు. నీతులు తగ్గించి, ఇంటి గొడవలు పెంచాక దేశమంతా టీవీకి అతుక్కుపోయింది. దూరదర్శన్‌కి 4 లక్షల దాకా ఉత్తరాలు వచ్చాయి. పాఠం చెబుదామని పిలిస్తే రానివాళ్ళు, కథ చెబుతామంటే వచ్చి పాఠం కూడా విన్నారు. కథలో ఆనందం లేకపోతే ఏ నీతీ చెవికెక్కదని అప్పుడే తేలింది.

తెలుగులో యద్దనపూడి నవల ఆధారంగా మంజులానాయుడు తీసిన 'ఋతురాగాలు' 1990లలో దూరదర్శన్‌కి ఇంటిల్లిపాదినీ రప్పించింది. 1995లో జెమిని, ఈటీవీ రావడంతో సాయంత్రాల స్వరూపమే మారిపోయింది. 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు 'పాడుతా తీయగా' మొదలుపెడితే, చిన్న ఊళ్ళ పిల్లలు కూడా పెద్ద వేదిక మీద పాడొచ్చన్న ఆశ తల్లులకి కలిగింది. 2003 నుంచి 'చక్రవాకం', 2008 నుంచి 'మొగలిరేకులు' ఏళ్ళ తరబడి నడిచాయి. 2001 నుంచి 2007 దాకా ఆదివారాలు నవ్వించిన గుణ్ణం గంగరాజు గారి 'అమృతం' అయితే, కన్నీళ్ళు లేకుండా కూడా తెలుగువాళ్ళు సీరియల్ చూస్తారని ఋజువు చేసింది. ఇప్పటికీ దాన్ని ఫోన్లలో వెతుక్కుని చూసే కుర్రవాళ్ళున్నారు. వీటిలో ప్రతి ఒక్కటీ మొదట్లో "ఆ, ఏముందిలే" అనిపించుకున్నదే!

సిగ్గు ఎవరు నేర్పారు?

ఈ సిగ్గు మన ఒక్కళ్ళదే కాదు. 1980లలో అమెరికా సీరియల్ 'డల్లాస్' యూరప్‌ని ఊపేసింది. నూనె బావులున్న ఒక ధనిక కుటుంబం కథ. హాలండ్‌లో ఇయెన్ ఆంగ్ అనే పరిశోధకురాలు ఒక మహిళా పత్రికలో చిన్న ప్రకటన ఇచ్చింది. తనకి డల్లాస్ ఇష్టమని, ఆ మాట చెబితే జనం వింతగా చూస్తున్నారని, మీకేమనిపిస్తోందో రాయమని అడిగింది. 42 ఉత్తరాలు వచ్చాయి. వాటి మీద ఆవిడ రాసిన పుస్తకం చాలా పేరు పొందింది. ఇష్టపడేవాళ్ళలో కొందరు తమ ఇష్టానికి ఏదో ఒక సంజాయిషీ ఇచ్చుకున్నారు. తిట్టేవాళ్ళు మాత్రం తడుముకోకుండా తిట్టారు, అందులో కొందరు తిడుతూనే చూస్తున్నారు కూడా. "అది చవకబారు" అని చెప్పడానికి మాటలు అందరికీ తయారుగా ఉన్నాయి, "నాకు బాగుంది" అని చెప్పడానికే మాటలు కరువయ్యాయి. హాలండ్ ఇల్లాలికీ గురజాల ఇల్లాలికీ ఇంత దగ్గర పోలిక ఉంటుందని ఎవరు అనుకుంటారు!

మన దగ్గర సిగ్గుకి ఇంకో కారణం ఉంది. అది టైము. ఆడదానికి తీరిక ఉందంటే ఏదో పని ఎగ్గొట్టిందనే లెక్క. అసలు లెక్క ఏమిటో జాతీయ గణాంక కార్యాలయం వాళ్ళు రెండుసార్లు తీశారు. 2024 సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు జీతం లేని ఆ పని మీద రోజుకి సగటున 289 నిమిషాలు గడిపారు. మగవాళ్ళు 88 నిమిషాలు. అదీ ఎంతో కొంత పని చేసే మగవాళ్ళ సగటే, అసలు పుల్ల తీసి అటు పెట్టనివాళ్ళు ఇందులో లేరు. 2019లో ఈ లెక్క 299, 97. అంటే అయిదేళ్ళలో మిక్సీలు, గ్రైండర్లు, వాషింగ్ మెషీన్లు పెరిగి మన పని పది నిమిషాలు తగ్గితే, అంతంతమాత్రంగా ఉన్న వాళ్ళ పని కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది!

రోజుకి దాదాపు అయిదు గంటలు ఇంటిపని చేసే మనిషి అరగంట సీరియల్ చూస్తుంది. కేబుల్ నిబంధనల ప్రకారం గంటకి 12 నిమిషాలకి మించి ప్రకటనలు వెయ్యకూడదు. ఆ లెక్కన అరగంటలో కథ ఇరవైనాలుగు నిమిషాలు. అందులోనూ సగంసేపు ఉల్లిపాయలు తరుగుతూనో, బట్టలు మడతపెడుతూనో చూస్తుంది. ఆ ప్రకటనలు కూడా సబ్బులు, వంటనూనెలు, మసాలా పొడులు! 1930లలో అమెరికా రేడియోలో ఇలాంటి కథలకి సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టాయి కాబట్టే వాటికి 'సోప్ ఒపెరా' అని పేరొచ్చింది. అంటే విశ్రాంతిగా కూర్చున్న ఆ కాసేపూ కూడా "నీ బట్టలు తెల్లగా ఉన్నాయా?" అని అడుగుతూనే ఉంటారు.

మా వీధిలో మిషను కుట్టుకునే ఒకావిడ ఉంది. పొద్దుటినుంచి జాకెట్లు కుట్టి, సాయంత్రం వంట ముగించి, ఎనిమిదింటికి అరగంట టీవీ ముందు కూర్చునేది. ఓ రోజు ఇంటాయన "పనీపాటా లేదా" అని రిమోటు లాక్కుని ఆపేశాడు. మర్నాటినుంచి ఆవిడ ఆ టైముకి మిషను ముందే కూర్చుంటోంది. "కథ పోతే పోయిందక్కా, రోజులో ఆ కాసేపు నాది అనుకున్నా" అంది. ఆ మాట విన్నాక సీరియల్ మంచిదా చెడ్డదా అన్న చర్చ నాకు రెండో స్థానంలోకి వెళ్ళిపోయింది. రోజులో అరగంట తనదని చెప్పుకునే హక్కు ఆడవాళ్ళకి ఉందా లేదా అన్నది ముందు తేలాలి.

మేలెంత, కీడెంత?

సీరియల్స్ వల్ల ఆడవాళ్ళు చెడిపోతున్నారని తేలిగ్గా అనేసేవాళ్ళకి కొన్ని పరిశోధనలు వేరే మాట చెబుతున్నాయి. రాబర్ట్ జెన్సన్, ఎమిలీ ఆస్టర్ అనే ఆర్థికవేత్తలు 2001-2003 మధ్య మన దేశంలో తమిళనాడు, బీహార్, హర్యానా, గోవా గ్రామాల లెక్కలు పరిశీలించి 2009లో ప్రచురించారు. కేబుల్ టీవీ వచ్చిన ఊళ్ళలో, భార్యని కొట్టడం తప్పులేదనే ఆడవాళ్ళు తగ్గారు. కొడుకే కావాలన్న పట్టుదల తగ్గింది. ఇంటి నిర్ణయాల్లో ఆడవాళ్ళ మాటకి విలువ పెరిగింది. బ్రెజిల్‌లో గ్లోబో ఛానెల్ సీరియల్స్‌లో కథానాయికలకి ఒక్కరే పిల్లలు, లేదా అసలు ఉండరు. ఆ ఛానెల్ అందిన ప్రాంతాల్లో కాన్పులు తగ్గాయని 2012లో మరో పరిశోధన తేల్చింది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. బయట మరో రకంగా బతికే ఆడవాళ్ళున్నారని కళ్ళతో చూడటమే అంత పని చేసింది.

అలాగని అన్నీ మంచివే అనలేం. కార్తీకదీపమే తీసుకోండి. నల్లగా ఉందని అత్త చిన్నచూపు చూసిన కోడలి కథ అది. రంగు పేరుతో పెళ్ళిచూపుల్లో అవమానపడ్డ ఎందరో ఆడపిల్లల మనసుకి అది దగ్గరయింది. కానీ ఆ పాత్రకోసం నటి ప్రేమీ విశ్వనాథ్ మొహానికి రంగు పూసి నల్లగా చూపించారు. నల్లపిల్ల కథ చెబుతూ నల్లపిల్లకి ఆ వేషం ఇవ్వకపోవడం ఏం న్యాయం? పైగా భర్త అనుమానాన్ని ఏళ్ళ తరబడి భరించడమే గొప్పతనం అన్నట్టు కథ సాగింది. మనం దీప పక్షాన కన్నీళ్ళు పెట్టుకున్నాం, నిజమే. "ఇంకెన్నాళ్ళు పడతావు తల్లీ, బయటికి రా" అని టీవీ ముందు అరిచినవాళ్ళూ మనలో ఉన్నారు.

ఇంకా ఉన్నాయి. చెంపదెబ్బ లేకుండా వారం గడవదు. చదువుకున్న ఆడపిల్ల పొగరుబోతు, చదువులేని పిల్ల సుగుణవతి. ఉద్యోగం చేసే కోడలు ఆఫీసులో ఏం పని చేస్తుందో ఒక్క రోజూ చూపించరు. కథలు కూడా చాలావరకు పొరుగు భాషలనుంచి తెచ్చుకున్నవే. కార్తీకదీపానికి మూలం మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు'. 'చిన్నారి పెళ్ళికూతురు' హిందీ 'బాలికా వధు'కి తెలుగు మాటలు అతికించింది. మంచి కథ ఎక్కడిదైనా మంచిదే, కాదనను. కానీ నాగార్జునసాగర్ కుడి కాలువ కింద మిరప, పత్తి పండించే ఇళ్ళు, అప్పుల లెక్కలు, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళు, పిల్లల్ని హాస్టల్లో వేసి ఫోనులో గొంతు వింటూ బతికే తల్లులు... వీళ్ళెవరూ తెరమీద లేరు. హైదరాబాద్ బంగళాల్లో మెట్లమీద నిలబడి మాట్లాడుకునేవాళ్ళే ఉన్నారు. రోజంతా ఎండలో మిరపకాయలు కోసి వచ్చిన మనిషి రాత్రి అద్దాల మేడ చూసి మురిసిపోవడం తప్పు కాదు. ఆవిడ బతుకు కూడా కథే అన్న సంగతి రాసేవాళ్ళకి తట్టకపోవడమే లోటు.

పెట్టె నుంచి ఫోనులోకి

ఇప్పుడు మరో మార్పు జరుగుతోంది. 2025 ఫిబ్రవరి నుంచి హాట్‌స్టార్, జియోసినిమా కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. సీరియల్ టైముకి టీవీ దొరకకపోయినా ఫోనులో ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు. రిమోటు గొడవ తీరింది. పనంతా అయ్యాక పదకొండింటికి చెవిలో పెట్టుకుని చూసుకునే కోడళ్ళున్నారు. ఇది ఒక రకంగా స్వతంత్రమే. కానీ దీనివల్ల రెండు నష్టాలు. ఒకటి, నిద్ర తగ్గుతోంది. రెండోది, కలిసి చూడటం, కలిసి తిట్టుకోవడం పోతోంది. అత్తాకోడళ్ళ మధ్య మాటల్లేని ఇళ్ళలో కూడా సీరియల్ అత్తాకోడళ్ళ గురించి మాట్లాడుకునే కాసేపు ఉండేది. ఎవరి ఫోను వాళ్ళదైతే ఆ కాసేపు కూడా ఉండదు. అందుకే వారానికి రెండు మూడు రోజులైనా నలుగురూ ఒకచోట కూర్చుని చూడటం మేలు. ముఖ్యంగా ఎదిగే ఆడపిల్లల పక్కన. "ఆ మొగుడు చెయ్యెత్తాడే, నువ్వైతే ఏం చేస్తావు?" అని అడగడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. మగపిల్లల్ని కూడా కూర్చోబెట్టి అదే ప్రశ్న అడగాలి.

నచ్చకపోతే అడుగుదాం

మనం చూస్తున్నందుకే ఆ ప్రకటనలు వస్తున్నాయి. మనం కొనే సబ్బులతో, నూనెలతోనే ఆ సీరియల్స్ నడుస్తున్నాయి. కాబట్టి మనకి అడిగే హక్కుంది. 2021 జూన్‌లో కేబుల్ టెలివిజన్ నిబంధనలకి చేసిన సవరణ ప్రకారం, ఏదైనా కార్యక్రమం మీద అభ్యంతరముంటే ఎవరైనా ముందు ఆ ఛానెల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యొచ్చు. అందినట్టు ఇరవైనాలుగు గంటల్లో వాళ్ళు తెలియజేయాలి, పదిహేను రోజుల్లో తేల్చాలి. ఆ జవాబు నచ్చకపోతే ఛానెళ్ళ సంఘానికి, ఆ తరవాత కేంద్ర ప్రభుత్వ కమిటీకి వెళ్ళొచ్చు. ఏ సీరియల్, ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఏ సన్నివేశం అన్నది రాస్తే చాలు. లాయరు అక్కర్లేదు. డ్వాక్రా గ్రూపులో పదిమంది కలిసి సంతకాలు పెట్టి పంపితే ఇంకా మంచిది.

తిట్టడానికే కాదు, మెచ్చుకోవడానికి కూడా రాయాలి. హమ్‌లోగ్ రోజుల్లో లక్షల ఉత్తరాలు వెళ్ళాయి కాబట్టే తీసేవాళ్ళకి జనం నాడి తెలిసింది. ఇవాళ రేటింగు అంకెలు మనం ఎంతసేపు చూశామో చెబుతాయి. ఎందుకు చూశామో, ఎక్కడ మనసు చివుక్కుమందో, ఎక్కడ సంతోషపడ్డామో ఆ అంకెల్లో ఉండదు. అది మనమే చెప్పాలి.

అన్నిటికంటే ముందు ఇంట్లో ఓ మాట చెప్పుకుందాం. సీరియల్ చూసే అరగంటకి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఆ టైములో పాలు పొంగితే దించడానికి, తలుపు కొడితే తియ్యడానికి ఇంట్లో ఇంకా మనుషులున్నారు. క్రికెట్ మ్యాచి మూడున్నర గంటలు సాగితే కాఫీలు అందించి వచ్చాం. మన ఇరవైనాలుగు నిమిషాల కథకి ఎవరైనా ఓ గ్లాసు మంచినీళ్ళు తెచ్చిస్తే కొంపలేమీ మునిగిపోవు.